మణికట్టు పట్టుకున్న తల్లి

నవంబర్ 29, 1981. ఐసెలిన్.

ఇంటావిడ మిసెస్ డోయిల్ చలికాలానికి ఫ్లోరిడా వెళ్లిపోయింది. ఇల్లంతా మాదే, ఫైర్‌ప్లేస్ పైనున్న పెయింటింగ్ తప్ప. దాన్ని ముట్టుకోవద్దని వందసార్లు చెప్పింది. ఫ్రాన్స్‌లో వాళ్ల పూర్వీకులట, నూరేళ్ల పైమాట. నల్ల సిల్కు గౌనులో తల్లి, ఆవిడ మోకాలికి ఆనుకుని తెల్ల గౌనులో కూతురు. తల్లి కూతురి మణికట్టు పట్టుకుని ఉంది, నాడి చూస్తున్నట్టు. నాకు నచ్చలేదు.

డిసెంబర్ 4, శుక్రవారం

అత్తయ్య గుంటూరు నుంచి తెచ్చుకున్న మామయ్య ఫొటోని ఆ పెయింటింగ్ కిందే, ఫైర్‌ప్లేస్ అరమీద పెట్టింది. గంధం, కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. రెండు కళ్లకీ శుక్లాలు. తడుముకుంటూనే అన్నీ చేస్తుంది, సాయం చేస్తానంటే ఒప్పుకోదు. తలెత్తి పెయింటింగ్ కేసి చూసి, ఈవిడ మొహమేంటే విద్యా అంత బోసిగా ఉంది అంది.

డిసెంబర్ 13

మిసెస్ డోయిల్ ఫోన్. హీటర్ సంగతి మాట్లాడి ఊరుకుంటే పోయేది. ఎవరు వాళ్లని నేనే అడిగాను. పెయింటింగ్ వేసేనాటికే ఆ పిల్ల పోయిందట. డిఫ్తీరియా. మంచం మీద పడుకోబెట్టి మొహం గీసుకున్నారట. తల్లి తర్వాత వచ్చి, కూతురి మణికట్టు పట్టుకున్నట్టు ఉత్తి చెయ్యి పెట్టి కూర్చుందట. సో బ్యూటిఫుల్ అంది ఆవిడ.

అత్తయ్యకి చెప్పాను. కళ్లు తుడుచుకుంది. పాపం, బొట్టు పెట్టే దిక్కయినా లేదు, శుక్రవారం నేను పెడతానంది. ముట్టుకుంటే ఇల్లు ఖాళీ చేయిస్తుందని గట్టిగా చెప్పాను.

డిసెంబర్ 14

పెయింటింగ్ మీద దుప్పటి కప్పేద్దామంటే మా ఆయన కృష్ణమోహన్ నవ్వాడు.

డిసెంబర్ 27

మా అమ్మాయి మీనా రోజూ ఆ పెయింటింగ్ కిందే ఆడుతోంది. ఐదేళ్ల పిల్లకి అదేం సరదా. ఇవాళ నా మోకాలికి ఆనుకుని, ఆ లేడీలాగా తన చెయ్యి పట్టుకోమంది. పట్టుకున్నాను. కృష్ణమోహన్ టక్కున ఫొటో తీశాడు, బ్లాక్ అండ్ వైట్‌లో.

జనవరి 7

ఫొటో ఫ్రేమై వచ్చింది. కృష్ణమోహన్ ఆఫీస్ నుంచి వస్తూ తెచ్చి మామయ్య పక్కన నిలబెట్టి టీవీ ముందు కూర్చున్నాడు. అచ్చం పైన పెయింటింగ్‌లో వాళ్లలాగే ఉన్నాం.

జనవరి 8, శుక్రవారం

ల్యాబ్ నుంచి త్వరగా వచ్చాను. మా ఫొటో మీద బొట్లు. నా నుదుట ఒకటి, మీనా నుదుట ఒకటి. మామయ్యకి పెట్టినట్టే, గంధం మీద కుంకుమ.

పోయినవాళ్లకి కదా అలా పెట్టేది.

అరిచాను. అత్తయ్య బిత్తరపోయింది. ఇంటావిడ పెయింటింగ్‌కి చిన్న కాపీ పంపిందనుకుందట. పెద్దది ముట్టుకోవద్దన్నావుగా, దీనికైనా పెడదామని పెట్టానే అంది. సంగతి తెలిశాక నోరు కొట్టుకుంటూ ఏడ్చింది. నేను ఓదార్చలేదు.

గుడ్డ తీసుకుని తుడవబోతుంటే మీనా స్కూల్ బస్ దిగి వచ్చింది. తలనొప్పి అంది. ఒళ్లు కాలిపోతోంది.

జనవరి 9. హాస్పిటల్.

మెడ వంచలేకపోతోంది. వెన్నులోంచి నీరు తీశారు. మెనింజైటిస్ అన్నారు. ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేమన్నారు.

రోజంతా టెస్ట్ ట్యూబులతో పనిచేసే మనిషిని. బాక్టీరియా బొట్టు చూసి రాదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం. భయంగా ఉంది. చచ్చేంత భయంగా ఉంది.

జనవరి 10

మీనా మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఎలా కూర్చున్నానో గుర్తొచ్చి వదిలేశాను. మళ్లీ పట్టుకోవాలంటే భయం. వదిలి ఉండాలన్నా భయం.

జనవరి 11. మధ్యాహ్నం.

బట్టల కోసం ఇంటికి వచ్చాను. మీనాకి ఇంకా స్పృహ లేదు. అత్తయ్య గదిలోంచి బయటికి రావడం లేదు. పెయింటింగ్ ముందు నిలబడ్డాను. ఈ తల్లి మిగిలింది, పిల్ల పోయింది. నాకు అలా వద్దు.

మా ఫొటో తీసి తడిగుడ్డతో మీనా నుదురు తుడిచాను. అద్దం మెరిసేదాకా తుడిచాను.

నాది తుడవలేదు.

జనవరి 22, శుక్రవారం

మీనా ఇంటికొచ్చింది. అన్నం తింది. సోఫాలో నా పక్కన చేరి నా మణికట్టు పట్టుకుంది. మమ్మీ చెయ్యి చల్లగా ఉందంటోంది.