స్నానాలగది ఆలస్యమైన సంగతి

విన్యార్డ్,
ఆగస్టు 6

నా మెర్వ్‌కి,

ఫోన్‌లో నేను గొంతు చించుకుంటే నువ్వు "ఆ, ఆ" అంటావు. ఒక్క ముక్కా వినపడలేదని నాకు తెలిసిపోతుంది. అందుకే ఇకమీదట ఉత్తరాలే రాద్దామనుకున్నాను.

పొద్దుటి నుంచీ పొగమంచు. మన పెరడు ఎక్కడ అయిపోతుందో, సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఇల్లు లంగరు వదిలేసిన పడవలా మెల్లగా ఎటో పోతున్నట్టుంది. వంటగదిలో టీ తాగుతూ అలా పోనిచ్చాను.

నువ్వు పడిపోయి ఆరువారాలైంది. తొట్టి గట్టు ఎక్కి దిగే పని లేకుండా, గోడకి పట్టుకునే కడ్డీలతో స్నానాలగది సిద్ధమైతేగాని నిన్ను ఇంటికి పంపనని లాన్సెస్టన్ ఆసుపత్రిలో నర్సు గట్టిగా చెప్పింది కదా. మొత్తానికి కాంట్రాక్టర్ దొరికాడు. ఎలా దొరికాడో వింటే నీకు నవ్వొస్తుంది.

మొదట వచ్చినవాడు గుమ్మంలో నిలబడే లోపలికి తొంగిచూసి, "వారంలో పూర్తిచేసేస్తానండీ, సగం డబ్బు ఇప్పుడే చేతిలో పెట్టండి" అన్నాడు. రాసివ్వమంటే "మన మధ్య కాగితాలెందుకండీ" అన్నాడు. వాడూ నేనూ మొహాలు చూసుకోవడం అదే మొదటిసారి మరి! రెండోవాడు అసలు రానేలేదు. ఫోన్‌లోనే ధర చెప్పేశాడు. నేల కింద డెబ్బై ఏళ్ల నాటి చెక్క ఉందయ్యా అంటే, "చెక్కదేముందండీ, పైన టైల్స్ పడితే ఎవరికి కనిపిస్తుంది" అన్నాడు.

మూడోవాడి పేరు వారెన్ టిల్‌బ్రూక్. గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికి వచ్చి, నేల మీద బోర్లా పడుకున్నాడు. చెవి ఆనించి వేలితో తడుతూ పోయాడు. నాకు భయమేసి "ఏమైనా వినిపిస్తోందా?" అన్నాను.

"తొట్టి పక్కన బోలుగా ఉంది. చెక్క చివికి ఉండొచ్చు. విప్పి చూస్తేగాని ఎంత చివికిందో చెప్పలేను. విప్పకుండా చెప్పేవాణ్ణి నమ్మకండి."

అడక్కముందే లైసెన్సు చూపించాడు. చెక్క మార్చాల్సి వస్తే ఎంత అదనం, ఎన్నిరోజులు అదనం అన్నది ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. "నువ్వు చేసిన పని చూడొచ్చా?" అంటే రెండిళ్ల చిరునామాలు ఇచ్చాడు. రెండూ అయిదేళ్ల కిందటివి.

"కొత్తవేం లేవా?" అన్నాను.

"కొత్తది ఎవడు చేసినా మెరుస్తుంది నోరీన్ గారూ. అయిదేళ్లు తడిసినదాన్ని వెళ్లి చూడండి."

వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని మూలమూలా వాసన చూశాను. ఆ ఇంటావిడ "మా కుక్క కూడా ఇంతలా వెతకదమ్మా" అని నవ్వింది. చెమ్మ వాసన లేదు. పని ఇతనికే ఇచ్చాను. సెప్టెంబర్ మూడుకల్లా పూర్తిచేస్తానన్నాడు.

నీ
నోర్

*

విన్యార్డ్,
సెప్టెంబర్ 8

మెర్వ్,

ఏం చెప్పమంటావు. తెప్పించిన టైల్స్ రంగు తప్పాయట, మళ్లీ రావాలట. వారెన్ ఫోన్ ఎత్తడు. ఎత్తితే "రేపు" అంటాడు. అంత చూసి, అంత వాసన పట్టి ఎంచుకున్నా చివరికి వీడూ ఆ కోవలోవాడే అయ్యాడు. నువ్వు కంగారుపడకు. అక్కడే ఉండి కాలికి వ్యాయామం శ్రద్ధగా చెయ్యి.

చలికాలం వెళ్లిపోతోంది. కొండ మీద తులిప్ పొలాల్లో మొగ్గలు రంగు తిరుగుతున్నాయి. దూరం నుంచి చూస్తే నేల నిద్రలో సిగ్గుపడ్డట్టుంది.

నోర్

*

విన్యార్డ్,
సెప్టెంబర్ 27

నా మెర్విన్‌కి,

ఈ ఉత్తరం నేను మన కొత్త స్నానాలగదిలో కూర్చుని రాస్తున్నాను.

అవును, గది పూర్తయింది. వారెన్ సెప్టెంబర్ రెండో తేదీనే, చెప్పినదానికంటే ఒకరోజు ముందే, పని ముగించి, నేల తుడిచి వెళ్లిపోయాడు. టైల్స్ రంగు తప్పలేదు. అతను ఫోన్ ఎత్తకపోవడం అనేదే లేదు. ఒక మంచి పనివాడి పేరు నేను నీ దగ్గర పాడుచేశాను. "వాడికి ఘాటుగా ఉత్తరం రాస్తాను" అని నువ్వు రాసినప్పుడు కూడా నోరు మెదపలేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి. పాత నేల విప్పి, చివికిన చెక్క మార్చి, నీరు దిగని పూత పూశాక వారెన్ నాలుగురోజులు దాన్ని ఆరనిచ్చాడు. ఆ తర్వాత నీళ్లు పోయే దారి మూసేసి గది నేలంతా నీళ్లు నింపాడు. "రేపటిదాకా ఇలాగే ఉండాలి. ఒక్క చుక్క కిందికి దిగినా మళ్లీ పూస్తాను. ఈ పరీక్ష చెయ్యనివాడితో ఎవరూ పని చేయించుకోకూడదు" అని చెప్పి వెళ్లాడు.

నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను. నీళ్లు కదలడం లేదు. కిటికీలోంచి వచ్చిన మేఘాలు ఆ నీళ్లలో నెమ్మదిగా నడిచి వెళ్తున్నాయి. నువ్వు పడిపోయిన చోట ఇప్పుడు ఆకాశం ఉంది. సాయంత్రందాకా అలాగే చూస్తూ ఉన్నాను, మెర్వ్. చూస్తుంటే ఆ రోజు అంతా తిరిగి వచ్చింది.

ఆ రోజు నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. నువ్వు పిలిచావు. "నోర్!" అని రెండుసార్లు. నేను విన్నాను. వినలేదని డాక్టరుతో చెప్పాను, మన అబ్బాయితో చెప్పాను, నీతోనూ చెప్పాను. అది అబద్ధం. విన్నాను. నలభై ఆరేళ్లుగా తువ్వాలు మరిచిపోయి స్నానానికి వెళ్లి అరుస్తావు కదా, అదే అనుకున్నాను. ఈ ఒక్కసారి తడికాళ్లతో నడిచొచ్చి తెచ్చుకోనీ అనుకున్నాను. నాలుగు దుప్పట్లూ ఆరేశాను. తర్వాత కూడా నేను లోపలికి వెళ్లలేదు. కొండ మీంచి మంచు లేస్తోంది. సముద్రం మీద ఓడ ఒకటి కదులుతోందో ఆగిందో తెలియకుండా ఉంది. దుప్పట్లు గాలికి నా మొహానికి తగులుతున్నాయి. ఎవరూ నన్ను ఏమీ అడగని ఆ అరగంట నాకు ఎంత హాయిగా ఉందో! నన్ను తినేస్తున్నది ఆ హాయే. నువ్వు లోపల చలిలో, విరిగిన తుంటితో పడి ఉన్నావు. "అరగంట ముందు చూసుంటే పరిస్థితి ఇంత విషమించేది కాదు" అన్నాడు డాక్టరు, నా మొహంలోకి చూడకుండా.

గది పూర్తయిందని రాస్తే నువ్వు వచ్చేస్తావు. వస్తే ఇది చెప్పాలి. అందుకని రోజూ ఇక్కడ కూర్చుంటున్నాను, కుళాయి కూడా తిప్పకుండా. ఇంక దాచలేను. నీ కోపం ఎంతైనా సరే, రాసి పంపు.

నోరీన్

*

లాన్సెస్టన్,
సెప్టెంబర్ 30

నోర్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పక్క మంచం ఆయన "ఏంటోయ్, ప్రేమలేఖా?" అని అడిగాడు. "అలాంటిదే" అన్నాను.

గది సంగతి నాకు రెండువారాల కిందటే తెలుసు. వారెన్‌కి ఘాటుగా రాస్తానన్నాను కదా, రాశాను. జవాబు రాయకుండా మనిషే వచ్చాడు. రెండుగంటలు బండి నడుపుకుంటూ, పని బట్టలతోనే. మంచం పక్కన కూర్చుని తన ఫోన్‌లో మన గది ఫొటో చూపించాడు.

"పని ఎప్పుడో అయిపోయిందండీ" అన్నాడు.

"మరి మా ఆవిడ అలా ఎందుకు రాసింది?"

"హామీ కాగితం ఇద్దామని వెళ్తే తలుపు తీసే ఉంది. ఆవిడ బట్టలతోనే ఆ గదిలో స్టూలు మీద కూర్చునుంది. పిలిచినా పలకలేదు. కాగితం గుమ్మంలో పెట్టి వచ్చేశాను. ఆవిణ్ణి ఏమీ అడక్కండి. ఆలస్యం నాదే అనుకోండి, నాకేం పోదు."

నేను అడగలేదు. మంచితనం వల్ల కాదు నోర్, పిరికితనం వల్ల. నీ ఆలస్యం నాకూ కలిసొచ్చింది. ఎందుకంటే నేనూ ఒకటి దాచాను.

నువ్వు విన్న ఆ రెండు పిలుపులూ తువ్వాలు కోసమే. అప్పటికి నేను పడలేదు. నువ్వు రాకపోయేసరికి ఒళ్లు మండి, నేనే తెచ్చుకుందామని తొట్టి గట్టు మీంచి కాలు వేశాను. అప్పుడు పడ్డాను. పడ్డాక నిన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. కిటికీ గాజు మీద దుప్పట్ల నీడలు, వాటి మధ్య నీ నీడ కనిపిస్తూనే ఉన్నాయి. పిలిస్తే పరిగెత్తుకొచ్చేదానివి. ఒంటి మీద నూలుపోగు లేకుండా, కాలు అడ్డంగా తిరిగిపోయి, చేపలా పడి ఉన్న నన్ను నువ్వు చూడటం నాకు ఇష్టం లేకపోయింది. ఎలాగోలా లేస్తాను, ఏమీ జరగనట్టు బయటికి వస్తాను అనుకుంటూ పళ్లు బిగబట్టి పడుకున్నాను. నీ నీడ ఊగుతుంటే చూస్తూ, ఒక దశలో నొప్పి కూడా మరిచిపోయాను. ఆ అరగంటకి బాధ్యుణ్ణి నేను. నువ్వు హాయిగా నిలబడ్డావని తెలిసి నాకు కోపం రాలేదు. నా నలభై ఆరేళ్ల కేకల మధ్య నీకు ఇంకెన్ని అరగంటలు దక్కాయో అని లెక్కపెడితే వేళ్లు మిగిలిపోయాయి.

గది సిద్ధమని ఈ ఉదయమే నర్సుకి చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం వారెన్ తన వ్యాన్‌లో దింపుతానన్నాడు. నువ్వు అతనికి క్షమాపణ చెప్పుకోవాల్సి ఉందిగా, గుమ్మంలోనే చెప్పేయి.

ఇంకో మాట. ఇది రాయడానికే పొద్దుటి నుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను. కొన్ని నెలలపాటు నేను వంగలేను. నా వీపూ పాదాలూ ఇంకొకరు కడగాలి. ఇక్కడ ఒక నర్సు కడుగుతోంది, కళ్లు మూసుకుని భరిస్తున్నాను. ఇంటికొస్తే నువ్వు చెయ్యాలి. నువ్వు చూస్తావన్న సిగ్గుతోనే ఇన్నాళ్లూ ఇక్కడ దాక్కున్నాను. నిన్ను కేకేసి పిలవడమే గాని, నీకు ఇష్టమో కాదో అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

కడుగుతావా, నోర్?

మెర్విన్