రెండో లైటు

ఫిబ్రవరి 3, 2025

ఫోటో లైట్లు వచ్చాయి. రెండు సాఫ్ట్‌బాక్సులు, రెండు స్టాండ్లు, రెండు బల్బులు. ఎంత చవకవంటే, స్టాండు నిలబెట్టగానే మెల్లగా కూలబడింది. నీళ్ల సీసా కట్టి బరువు పెట్టాను.

ఎందుకు కొన్నానో ఇక్కడైనా నిజం రాస్తాను. మా చర్చికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. ఏప్రిల్‌లో సావనీర్ వేస్తున్నారు. ప్రతి కుటుంబం ఫోటో ఇవ్వాలి. చర్చి హాల్లో ఫోటోగ్రాఫర్ ఉంటాడు, అందరి ముందూ వెళ్లి నిలబడాలి. నేను నిలబడను. నవంబర్ 9 నుంచి నా ముఖంలో ఎడమ సగం నా మాట వినడం లేదు. బెల్స్ పాల్సీ. ఎడమ కన్ను పూర్తిగా మూసుకోదు. మూతి ఎడమ పక్క జారింది. చాలామందికి మూడు నెలల్లో తగ్గిపోతుందని డాక్టర్ అన్నారు. ఈ ఆదివారానికి మూడు నెలలు.

కాబట్టి ఫోటో ఇంట్లోనే తీస్తాను. ఎడమ చెంపని చీకట్లో పెడతాను. ఏడో తరగతి పిల్లలకి పదహారేళ్లుగా కాంతి పాఠం చెబుతున్నాను. ఒక్క చెంప మీద నీడ పడేట్టు చేయలేనా?

ఫిబ్రవరి 5

చేయలేకపోయాను. మా గోడలు తెల్లవి. వెలుతురు వాటికి తగిలి తిరిగొచ్చి ఎడమ చెంప మీదే పడుతోంది.

ఫిబ్రవరి 8

నా మీద నేనే ప్రాక్టీస్ చేస్తే టైమర్ నొక్కి పరిగెత్తడమే సరిపోతోంది. కెమెరా మా చెల్లి అక్సా వాడి వదిలేసింది, రిమోట్ ఎక్కడో పారేసిందట. మోండా మార్కెట్ నుంచి తలకాయంత గుమ్మడికాయ తెచ్చాను. కాటుకతో కళ్లు, మూతి గీశాను. గోధుమపిండి ముద్దతో ముక్కు పెట్టాను. స్టూలు మీద కూర్చోబెట్టి లైటు అటూ ఇటూ జరుపుతూ గంటసేపు తీశాను. ముక్కు నీడ ఎటు పడుతుందో తెలిసింది. కదలదు, మాట్లాడదు, మంచి మోడల్.

అత్తమ్మ ప్రార్థన కూటం నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏందే దేవకృపా, మనింట్ల దిష్టి గుమ్మడికాయ ఏందీ, పాస్టరమ్మ చూస్తే ఏమనుకుంటదీ అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇది సైన్స్ అని చెప్పాను. సైన్సుకు కాటుక గిట్ల పెడ్తరా అని అడిగింది.

సాయంత్రం మోడల్‌ని పులుసు పెట్టాను.

ఫిబ్రవరి 9

మూడు నెలలు. తగ్గలేదు.

ఫిబ్రవరి 16

కుదిరింది! అత్తమ్మ నల్ల శాలువా గోడకి మేకులు కొట్టి వేలాడదీశాను. లైటు ఒక్కటే, కుడి వైపు నుంచి. రెండోది ఆర్పేశాను. ముఖం కాస్త ఎడమకి తిప్పాను. ఫోటోలో నలభై ఒక్క ఏళ్ల మామూలు మనిషి ఉంది. పెద్ద అందగత్తె ఏం కాదు. మామూలుగా ఉంది.

ఎంత సంతోషమేసిందో. ఏడ్చాను కూడా అనుకుంటా. ఎడమ కన్ను ఎలాగూ ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, లెక్క తేలదు.

ఫిబ్రవరి 22

చిక్కు. ఫోటోలో నేను ఒక్కదాన్నే ఉండను కదా. మా ఆయన ఎరిక్ ఉంటాడు, మధ్యలో అత్తమ్మ కుర్చీలో ఉంటుంది. భార్య భర్తకి ఎడమ పక్కనే నిలబడాలి. పెళ్లిలో పాస్టరు గారి ముందు అలాగే నిలబడ్డాం, అన్ని ఫోటోల్లోనూ అలాగే. ఎడమ పక్క నిలబడి అతని వైపు తిరిగితే కెమెరాకి కనిపించేది నా ఎడమ చెంపే. నేను కుడి పక్క నిలబడితే కనిపించేది మంచి చెంప.

కుడి పక్క ఉంటానన్నాను. అత్తమ్మ వినలేదు. నలుగురు నవ్వుతరు, ఎంత సదువుకుంటే ఏం ఫాయిదా అంది. లైటింగ్ కోసం అలాగే ఉండాలి, సైన్స్ అన్నాను. ఆ మాట బాగా పనికొస్తోంది.

మార్చి 2

ఎరిక్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి టెస్ట్ చేశాను. రైల్వే ఆఫీసు నుంచి వచ్చాక ఎరిక్ టీవీతో మాట్లాడతాడు, ఫ్యాన్‌తో మాట్లాడతాడు, కంచంతో మాట్లాడతాడు. మాటలన్నీ నాకే. చూపు మాత్రం నా మీద ఉండదు. నవంబర్ నుంచి ఇదే వరస. మందులు తెస్తాడు, హాస్పిటల్‌కి తీసుకెళ్తాడు, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. ముఖం మాత్రం చూడడు. నా మూతి చూస్తే అతనికి అసహ్యమేమో అనుకున్నాను. అడగలేదు.

ఈ రోజు ఆరు నిమిషాలు నా వైపు చూశాడు. నా వైపంటే లెన్స్ వైపు. అతని కళ్ల కింద నల్లబడింది. నాకూ ఇప్పుడే తెలిసింది.

ఫోకస్ కుదరడం లేదని అబద్ధం చెప్పి ఇంకో పది తీశాను.

మార్చి 3

మళ్లీ ఫ్యాన్.

మార్చి 16, మధ్యాహ్నం

ఇంకోసారి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. నా ముఖానికి కెమెరా అడ్డం ఉంది. అందుకే అనుకుంటా, నోరు విప్పాడు.

నవంబర్ 9 పొద్దున నేను బ్రష్ చేస్తుంటే నోట్లోంచి నీళ్లు పక్కకి కారిపోయాయి. వెనక్కి తిరిగి చూశాను. నేను వేషాలేస్తున్నాననుకుని నవ్వాడట. మల్ల చెయ్యి, మల్ల చెయ్యి అన్నాడట. తర్వాత అర్థమైందట. అప్పటి సంది నీ దిక్కు చూస్తే నా నవ్వే వినబడ్తది కృపా, ఏ మొఖం పెట్టుకుని చూడాలె అన్నాడు.

నాకు గుర్తు లేదన్నాను.

గుర్తుంది. బాగా గుర్తుంది.

మార్చి 17

కోపం తగ్గడం లేదు. నవ్వినందుకు కాదు. నేనైనా నవ్వేదాన్ని. నాలుగు నెలలు ఇతను సిగ్గుతో తల దించుకుంటే నేను అసహ్యం అనుకుని చచ్చాను. ఒక్క మాట చెబితే ఏం పోయింది? రెండు రోజులు వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టడం తప్ప ఇంకేం చేయను. చేయాలని కూడా లేదు.

మార్చి 23, సాయంత్రం

ఫోటో తీశాం. నేల మీద టేపు అంటించి ఎవరు ఎక్కడో గుర్తులు పెట్టాను. అత్తమ్మ తెల్ల చీర, చేతిలో బైబిల్. ఎరిక్ పెళ్లినాటి టై. నేను అతని కుడి పక్క. లైటు ఒక్కటే.

టైమర్ నొక్కబోతుంటే ఎరిక్ గుర్తు మీద నుంచి కదిలి వెళ్లి రెండో లైటు వేశాడు. ఆర్పమన్నాను. ఆర్పలేదు. తప్పు చేసింది నేనాయె, నువ్వెందుకు దాక్కుంటున్నవ్ అని అడిగాడు. అదీ లైటు స్టాండునే అడిగాడు. అత్తమ్మకి ఏమీ అర్థం కాలేదు. జెర జల్ది కానియ్యుండ్రి, నడుము గుంజుతున్నది అంది.

నొక్కి వచ్చి నిలబడ్డాను. పది సెకన్లు. ప్రాక్టీస్ చేసినట్టే ఎడమకి తిరిగాను. ఇంకా రెండు సెకన్లు ఉన్నాయనగా తిన్నగా కెమెరా వైపు తిరిగాను. ఎందుకో తెలియదు. నెల పైన మెడ తిప్పి విసుగొచ్చిందేమో.

రెండు చెంపలూ పడ్డాయి. మూతి జారినట్టే ఉంది. ఫోకస్ చాలా బాగుంది. మళ్లీ తీయలేదు. చర్చి కమిటీకి పంపించేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం, పన్నెండున్నర

సావనీర్ ఇచ్చారు. ఆర్ట్ పేపరు. నలభై మూడో పేజీ. చర్చి బయటే తెరిచాను.

అత్తమ్మ ముందు కనిపెట్టింది. ఇదేందే, మార్వాడోళ్ల లెక్క పైట కుడి భుజం మీదేసినవ్ అంది. చూశాను. పైట కుడి భుజం మీద ఉంది. ఎరిక్ జేబు కుడి వైపుంది. నేను ఎరిక్‌కి ఎడమ పక్కన ఉన్నాను. మూతి కుడి వైపుకి జారింది.

పేజీలు చేసింది బాబూరావు అంకుల్, కమిటీ సెక్రటరీ. ఆయనే నవ్వుతూ వచ్చాడు. బిడ్డా, ఫోన్ సెల్ఫీల లెక్క మీ ఫోటో సుత ఉల్టా వచ్చింది, భార్య కుడి పక్కకెందుకుంటది, నేనే తిప్పి సీదా చేసిన, పరేషాన్ గాకు అన్నాడు.

థాంక్స్ అంకుల్ అన్నాను. ఇంకేమనాలి. ఏడు వందల కాపీలు. ఎవరూ నా మూతి గురించి అడగలేదు. అందరూ పైట గురించే అడిగారు.

అదే రోజు, నాలుగు గంటలు

ఎరిక్ పుస్తకం తీసుకెళ్లి బీరువా అద్దం ముందు పట్టుకున్నాడు. అద్దంలో ఫోటో సరిగ్గా కనిపిస్తుందట, చూడమని పిలిచాడు. పక్కన నిలబడ్డాను.

అద్దంలో, పుస్తకంలో ఉన్న నాకు మూతి ఎడమకి జారింది. అతని పక్కన ఉన్న నాకు కుడికి జారింది. ఎరిక్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అసలు ఏ వైపని అడిగాడు.

తెలియాలంటే అద్దం వదిలి నా వైపు తిరగాలి.

తిరిగాడు.