ఇవాళ అంతా పచ్చే

తైనాన్, సోమవారం

తమ్ముడు వెన్‌తూంగ్‌కి అక్క శ్యూలువాన్ ఆశీస్సులు.

ఓట్లు మళ్లీ లెక్కపెట్టమని కోర్టు చెప్పిన దగ్గర్నుంచి షేర్ల బజారు జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. సంతకానికి బదులు వేసే నా ముద్ర నీ దగ్గరే ఉంది. మన ఊరి చేప ఉండల కంపెనీ షేర్లు ఎర్రబడగానే, అంటే పెరగగానే, అమ్మెయ్. తైతుంగ్‌లో సముద్రం ఒడ్డున నేను కొనాలనుకుంటున్న ఆ చిన్న ఇల్లు నెలాఖరుదాకానే ఆగుతుంది. రోజూ మధ్యాహ్నం కునుకులో ఆ ఇంటి పచ్చ తలుపు తీస్తున్నాను. అలలు గుమ్మందాకా వచ్చి, నా చెప్పులు వాసన చూసి వెళ్తున్నాయి.

నీ అక్క

తా.క. మీ బావ నీలం పార్టీ కదా, కేసు పడ్డప్పట్నుంచి చిలగడదుంప ఆకుకూర ముట్టడం లేదు. ఆ ఆకుపచ్చ ఎదుటి పార్టీ రంగట.

తైపే, బుధవారం

అక్కకి నమస్కారం.

పొద్దున కోర్టులో లెక్కింపు చూశాను, మధ్యాహ్నం షేర్ల బోర్డు చూశాను. ఇవాళ అంతా పచ్చే. ఓపిక పట్టు.

వెన్‌తూంగ్

తా.క. ఓటు మీద ముద్ర గీత దాటిందని లాయర్లు భూతద్దం పెట్టుకుని గంటసేపు కొట్లాడారు. చివరికది దోమ.

తైనాన్, శుక్రవారం

నాయనా, ఎంత పని చేశావ్!

బోర్డు మీద పడిపోయిన షేరు రంగు పచ్చ అని నాకు తెలుసు. కానీ ఉత్తరం మీ బావ విప్పారు. "అయిపోయింది, పచ్చవాళ్లే గెలిచారు" అంటూ గుమ్మంలో కూలబడ్డారు. పక్కింటి కాంగ్ గారి భార్య "పోనీండి అన్నయ్యగారూ, తగువు తీరింది, ఇక బజారు లేస్తుంది" అని పరుగెత్తుకెళ్లి చేప ఉండల షేర్లే కొంది. వీధి వీధంతా ఆవిడ వెనకాలే.

నీ అక్క

తా.క. మీ బావ కూడా పాత గొడుగు పట్టుకుని ఎక్కడికో వెళ్లారు. వాన లేదు.

తైపే, మంగళవారం

అక్కా,

ఎవరూ కన్నెత్తి చూడని ఆ షేరు శుక్రవారం పెళ్లి లాంతరులా ఎర్రబడింది! వెంటనే అమ్మేశాను, నీ పన్నెండు వేల షేర్లూ ఎవరో అమాయకుడు ఒక్కడే కొన్నాడు. కోర్టు ఇంకా రెండో పెట్టె దాటలేదని తెలిసి నిన్న మళ్లీ పచ్చ.

వెన్‌తూంగ్

తా.క. బావ ఉత్తరం రాశారు. "మీ అక్కకి చెప్పకు. తనకి సముద్రం ఇల్లు కొనిపెడదామని గొడుగులో దాచిందంతా పెట్టి చేప ఉండలవి పన్నెండు వేల షేర్లు కొన్నాను" అని.

తైనాన్, గురువారం

తమ్ముడూ,

ఆ అమాయకుడు నా పక్కనే కునుకు తీస్తున్నాడు. లెక్క రెండుసార్లు వేశాను. ఆయన గొడుగులోంచి పోయింది నా ఖాతాలోకి వచ్చింది. బ్రోకరు కమీషన్ పోను ఇల్లు దక్కుతుంది, ఆ షేర్లూ మనింట్లోనే ఉన్నాయి. ఆయనకింకా చెప్పలేదు. నిద్రలో నవ్వుతున్నారు, అలలు ఆయన చెప్పుల దగ్గరికీ వచ్చాయేమో.

నీ అక్క

తా.క. ఇప్పుడే కళ్లు తెరవకుండా "తలుపుకి పచ్చరంగే వేయిద్దాం, నీకిష్టం కదా" అన్నారు. ఆయన నోట ఆ మాట! కోర్టులో ఎవరికీ చెప్పకు, మళ్లీ మొదట్నుంచి లెక్కపెడతారు.