సోమవారం తర్వాత నా గొంతు

2025 నవంబరు 14, శుక్రవారం. తిరుపతి కొర్లగుంటలోని నా సొంత ఇంట్లో, పట్టపగలు, వాకిలి తలుపులు బార్లా తెరిచిపెట్టి, కార్వేటినగరం వాస్తవ్యులు కీర్తిశేషులు వెంకటముని కుమార్తె, అరవై తొమ్మిదేళ్ల చంద్రకాంతమ్మ అనే నేను నా ఇష్టప్రకారం రాసిన వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. కళ్లు కనబడుతున్నాయి. చెయ్యి వణకడం లేదు. నన్ను ఎవరూ బెదిరించి దీన్ని రాయించడం లేదు. బుజ్జగించే మనిషి మాత్రం ఒకడున్నాడు. వాడి సంగతి కింద వస్తుంది.

నా ఒంట్లో చెడింది గొంతు ఒక్కటే. అందులో కేన్సరు. వచ్చే సోమవారం వేలూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత నేను బతికే ఉన్నా నా నోటి నుంచి మాట రాదు. వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందని నాకు తెలుసు. నాలో ఒక భాగం సోమవారమే పోతోంది కాబట్టి, దానికి సంబంధించిన అంశాలను ఆ రోజు నుంచే పాటించమని నా వాళ్లందరినీ కోరుతున్నాను.

1. ఈ వీలునామాకు అమలుదారు చిత్తూరు కోర్టులో వకీలు ప్రశాంతి. ఆమెకు మొహమాటం తెలియదు, అందుకే ఎంచుకున్నాను. సాక్షులు మా వీధిలోని రిటైర్డ్ హెడ్‌మాస్టరు జయచంద్ర గారు, ఎదురింటి నిర్మలమ్మ. రేపు వాళ్ల మాటకు విలువ ఉండాలని వాళ్ల పేర ఏమీ రాయడం లేదు. నిర్మలమ్మకు నా ఊరగాయ జాడీల మీద ఎప్పటినుంచో కన్ను. అవి నేను బతికుండగానే పట్టుకుపోవచ్చు.

2. కొర్లగుంట ఇల్లు నా స్వార్జితం. మద్రాసులో ముప్పై ఏళ్లకు పైగా సినిమాలకు డబ్బింగు చెప్పి కట్టుకున్నది. తెర మీద ముఖం ఎవరిదో ఉత్తరాది అమ్మాయిది, గొంతు నాది. హీరోయిన్లకు చెప్పాను, హీరో చెల్లెళ్లకు చెప్పాను. చెల్లెలికి సాధారణంగా రెండు ముద్దు మాటలు, ఒక కేక ఉండేవి. ఆ కేక తర్వాత హీరో కత్తి పట్టుకునేవాడు, ఆ పిల్లను అందరూ మరిచిపోయేవాళ్లు. ముందే అరిస్తే గొంతు బొంగురుపోతుందని కేకలన్నీ చివరికి పెట్టి, ఒకదాని వెంట ఒకటి చెప్పించేవాళ్లు. ఆ పూట ఇంటికి వచ్చి ఉప్పునీళ్లు పుక్కిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేదాన్ని.

ఆ ఇంట్లో, చనిపోయిన నా తమ్ముడి భార్య సిద్ధమ్మ బతికినంత కాలం ఉండాలి. ఆమెను కదిలించే హక్కు ఎవరికీ లేదు, ఆమె కన్న కొడుక్కి అసలే లేదు. మా ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి సిద్ధమ్మ నోట "నీ ఇష్టం వదినా" అన్న మాట తప్ప ఇంకొకటి వినలేదు. తమ్ముడితోనూ అదే, ఇప్పుడు కొడుకుతోనూ అదే. ఈ రోజు సంతకాలని పొద్దున ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, కొడుకు అడిగితే చెప్పేస్తుంది అని ప్రశాంతి కసిరింది. కానీ ఒకే పొయ్యి మీద వండుకు తినే మనిషి దగ్గర దాచడం నాకు చేతకాదు.

3. సిద్ధమ్మ తర్వాత ఆ ఇల్లు ఆమె మనవరాలు నవీనకు చెందుతుంది. నవీన ఆరేళ్లప్పుడు స్కూలు వార్షికోత్సవంలో నేను చెప్పిన డైలాగు ఒకటి, పెదవి కొరుక్కుంటూ, ఒళ్లు తిప్పుకుంటూ చెప్పింది. పెద్ద మనుషులు ఈలలు వేశారు. ఆరేళ్ల పిల్ల! అమ్మా నవీనా, ఇల్లు అమ్ముకుంటావో, మీద అంతస్తు వేసుకుంటావో నీ ఇష్టం. కానీ ఏం చేసినా నువ్వు ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పాలి. నీ తరఫున మీ నాయన చెబితే అది చెల్లదు.

4. నా మేనల్లుడు నరేంద్ర, అంటే సిద్ధమ్మ కొడుకు, నవీన తండ్రి. కార్వేటినగరం దగ్గర మా నాయన పెంచిన మామిడి తోట వాడికి ఇస్తున్నాను. ఏమీ ఇవ్వలేదని రేపు కోర్టుకెక్కకూడదన్నది ఒక కారణం. చిన్నప్పుడు ఆ చెట్ల కింద వాడికి నా చేత్తో అన్నం కలిపి పెట్టాను, అది రెండో కారణం. కథ చెబితే రాక్షసి గొంతుతోనే చెప్పాలని మారాం చేసేవాడు. ఆ పిల్లవాడంటే నాకు ఇప్పటికీ ప్రేమే.

ఇప్పుడు వాడికి తిరుపతిలో రికార్డింగు స్టూడియో ఉంది. వేసవిలో నా జబ్బు బయటపడగానే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "అత్తా, నువ్వు మూగదాని మాదిరి కూర్చోనుంటే నేను సూడలేను. నీ గొంతు మిషన్‌లో దాసిపెడతా. నువ్వు ఫోన్‌లో టైపు చేస్తే సాలు, అది నీ గొంతుతోనే మాట్లాడ్తాది" అన్నాడు. నేను ఏడ్చాను, సంతోషంతో. అప్పటికే నా గొంతు బొంగురుపోయింది. అందుకని నా పాత సినిమాలన్నీ వెతికి దానికి వినిపించాడు. పాతికేళ్ల వయసు నాటి గొంతు తయారైంది. అచ్చం నేనే.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం వాడు ఒక బ్రోకరును వెంటబెట్టుకొచ్చాడు. ఇల్లు పడగొట్టి లాడ్జి కడతారట. గొంతు నొప్పిగా ఉండి నేను ఫోన్‌లో టైపు చేశాను: వద్దు, ఈ ఇల్లు నేను అమ్మను, ఇంకోసారి రాకండి. ఫోను ఆ మాటలే పలికింది. ఒక్క అక్షరం మార్చలేదు. కానీ ఆ వద్దు ఎలా వచ్చిందో వినాల్సింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, వెనక్కి తిరిగి నవ్వుతూ అనే వద్దు. బ్రోకరు ముసిముసిగా నవ్వాడు. "అమ్మ ఒద్దంటానే సరేనంటాండాది లేప్పా" అని నరేంద్ర వీపు తట్టాడు.

మళ్లీ టైపు చేశాను. బయటికి పొమ్మని రాశాను. అది అలిగినట్టు వచ్చింది. పోలీసులను పిలుస్తానని రాశాను. అది గారాలు పోయినట్టు వచ్చింది. ఎంత గట్టి మాట రాస్తే అంత మెత్తగా పలికింది. వాళ్లు వెళ్లాక దీన్ని బాగు చెయ్యమని నరేంద్రను అడిగాను. వాడు నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు. "అది నేర్సుకునింది నీ కాడే గదత్తా. దానికి ఇంకో రకం వద్దు తెలీదు" అన్నాడు.

5. పై అంశానికి సంబంధించి నాకొక పాత కక్ష ఉంది. దాన్ని కూడా ఆస్తితోపాటు రాసి పెడుతున్నాను. పేరు రాయను, ఆ దర్శకుడు పోయాడు. నేను చేరిన కొత్తలో ఆయనే నాకు వద్దు అనడం నేర్పాడు. "అందులో రవంత సిగ్గు కలుపమ్మా, జనానికి ఆశ ఉండాలి" అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక సినిమాలో హీరోయిన్ చెయ్యి విదిలించుకుని వద్దు అనే సీను వచ్చింది. అప్పటికి నాకు అన్నీ విసుగెత్తి ఉన్నాయి. మైకు ముందు నిలబడి, కడుపులోంచి, ఉన్నది ఉన్నట్టు అన్నాను. ఆయన గాజు అద్దం వెనక నుంచి, "ఇట్లా అంటే హీరో ఇంకెట్లా ముందుకొస్తాడమ్మా?" అన్నాడు. మర్నాడు ఆ ఒక్క మాట వేరే అమ్మాయి చేత చెప్పించారు. సినిమా పెద్ద హిట్టయింది.

ఆ నిజమైన వద్దు ఏ టేపులోనూ మిగల్లేదు. అందుకే మిషన్‌కు అది తెలియదు. ఇది తలుచుకుంటే నాకు కేన్సరు కంటే ఎక్కువ భయం వేస్తోంది.

6. మా మేడ మీది గదిలో అద్దెకుండే స్టెల్లాకు ఆ గది నా తరఫున మూడేళ్లు అద్దె లేకుండా ఇవ్వాలి. ఆ పిల్లది మా కార్వేటినగరం పక్క పల్లె. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి కంపెనీ బస్సులో పోయి వస్తుంది. నరేంద్ర నా గొంతును ఎవరెవరికో అమ్మాడని మొదట చెప్పింది ఆమే. బస్సులో వెనక సీటు మగపిల్లలు రోజూ ఒక వీడియో పెట్టుకుని నవ్వుతారట. అందులో మొగుడు చెంప మీద కొడితే పెళ్లాం కిలకిల నవ్వుతుంది. నవ్వు నాది. "ఆపండన్నా, అది మా అవ్వ గొంతు" అని స్టెల్లా అంటే, "మీ అవ్వ భలే కులుకుతాదే" అన్నారట.

ఆ సాయంత్రమే ఆమెను మేడ మీద నిలబెట్టి వద్దు అనడం నేర్పాను. భుజాలు దించమన్నాను, నవ్వవద్దన్నాను, చివర గొంతు పైకి లేపవద్దన్నాను. నా గొంతు సగం గాలే అయినా పట్టుదలగా చెప్పించాను. కొన్నాళ్లకు ఆ పిల్లకు కుదిరింది. తర్వాత బస్సులో అన్నప్పుడు ఎవరూ నవ్వలేదట, ఫోను జేబులో పెట్టుకున్నారట. దీనికి విలువ కట్టలేను కాబట్టి స్టాంపు కాగితం మీద ఎలా చూపించాలో తెలియలేదు. అయినా అది ఆమెకు ఇచ్చేశానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

7. ఇక నా గొంతు. గొంతును ఆస్తిగా రాయడం కష్టమని ప్రశాంతి చెప్పింది. ఆస్తి కాకపోతే నరేంద్ర దాన్ని ఎలా అమ్మాడని అడిగాను. ఆమె "రాయండి, సూస్తాం" అంది. కాబట్టి రాస్తున్నాను. నా గొంతును, నా నవ్వును, నా ఏడుపును, నా కేకలను మిషన్‌తో పలికించడానికి నరేంద్రకు గానీ ఇంకెవరికి గానీ నేను అనుమతి ఇవ్వడం లేదు. ఇదివరకు ఇచ్చిన అనుమతి నా మాట కోసమే తప్ప నా మాట మార్చడానికి కాదు. ఉన్నదంతా చెరిపించే బాధ్యత అమలుదారుది.

సోమవారం తర్వాత నా గొంతుతో మీకు ఫోను రావచ్చు. ఇంకా ఎవరికీ రాలేదు. వస్తుంది. ఇల్లు అమ్మడం నాకు ఇష్టమేనని చెబుతుంది. వీలునామా రద్దు చేశానని చెబుతుంది. ఆపరేషన్ బాగా జరిగి గొంతు తిరిగొచ్చిందని కూడా చెబుతుంది. మీ పేరు, మీ పిల్లల పేర్లు తెలిసే ఉంటాయి. ఏడిస్తే అసలు నమ్మకండి, నా ఏడుపులు వాళ్ల దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ఇందులో ఒక్క మాట మార్చాలన్నా నేను నా చేత్తో, సాక్షుల ఎదుట కాగితం మీద రాస్తాను. రాయలేని స్థితిలో ఉంటే ఇదే నా చివరి మాట.

నరేంద్రా, నేను చాలా తెరల మీద చాలా మందికి వద్దు చెప్పాను, ఒక్కరూ ఆగలేదు. నువ్వు ఆగు నాయనా.

ఇది చదివి, చదివించుకుని, నా కుడి చేత్తో సంతకం చేశాను.

(సం) వి. చంద్రకాంతమ్మ
తిరుపతి, 14-11-2025

సాక్షుల వాంగ్మూలం (జయచంద్ర దస్తూరి): పై సంతకం మా ఇద్దరి ఎదుట జరిగింది. మేము సంతకం చేయబోతుండగా నిర్మలమ్మ గారి ఫోను మోగింది. కొత్త నంబరు. అందరికీ వినబడేలా స్పీకరులో పెట్టారు. "నిర్మలక్కా, నేను చంద్రను. ఆ కాగితాల మీద సంతకం పెట్టొద్దక్కా. అంతా మా నరేంద్రకే ఇచ్చేస్తాండా" అని నవ్వుతూ చెప్పిన మాటలు మేము స్పష్టంగా విన్నాం. అది చంద్రకాంతమ్మ గారి గొంతే, ఆమె వయసులో ఉన్నప్పటిది. ఆ సమయంలో చంద్రకాంతమ్మ గారు మా ఎదుట కుర్చీలో, నోరు మూసుకుని, కలానికి మూత పెడుతూ ఉన్నారు. తర్వాత ఆమె ఫోను అందుకుని, తన బొంగురు గొంతుతో వద్దు అని ఒకే ఒక్క మాట అన్నారు. ఆ మాటకు మేమిద్దరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. అవతల నవ్వు ఆగలేదు. "సూసినావా అక్కా, నేనే చెప్తాండా గదా" అని ఆ గొంతు మళ్లీ మొదలుపెట్టింది. నిర్మలమ్మ గారు ఫోను ఆపేశారు. నేను ఈ నాలుగు మాటలు రాస్తుండగా నా ఫోను మోగుతోంది. ఎత్తకుండానే సంతకాలు చేస్తున్నాం.

సాక్షి 1: (సం) పి. జయచంద్ర
సాక్షి 2: (సం) కె. నిర్మలమ్మ