ఆవు మాది, పాట రాజన్నది

సెప్టెంబర్ 4
భజన మండలిలో ఈ రోజూ రాజన్న పాటే అడిగారు. టీవీ పిచ్చి మీద ఆయన కట్టిన పాట.
"ఆవు ఈనింది మామా – యాడ్ రానీయి పిల్లా...
అన్నం మాడింది మామా – సీరియల్ కానీయి పిల్లా..."
అందరూ విరగబడి నవ్వారు. నేను డోలక్ వాయించాను. నవ్వు మొహంతోనే వాయించాల్సి వచ్చింది.

సెప్టెంబర్ 5
ఆ ఆవు మాది. వానలో ఈనింది. నేనూ మా ఆవిడ భారతీ టీవీ ముందున్నాం. యాడ్ వచ్చాకే లేచాం. వెళ్లేసరికి దూడ నిలబడి ఉంది.
హోటల్ దగ్గర రాజన్నకు చెప్పింది నేనే, నవ్వించాలని. ఆయన నవ్వలేదు. టీ చల్లారిపోతున్నా చూసుకోలేదు. పాట కడుతున్నాడని అప్పుడే తెలియాల్సింది నాకు.

సెప్టెంబర్ 7
పన్నెండేళ్లుగా పాటలు కడుతున్నాను. దోమల మీద, గుంతల రోడ్డు మీద, పిల్లల చదువు మీద. ఒక్కటీ ఎవరి నోటా నిలవలేదు.

సెప్టెంబర్ 8
భారతి గిన్నెలు తోముతూ పాడుతోంది. ఆ పాటే.
"అందులో ఉన్నది మనమే," అన్నాను.
"ఎరుకే. ఎంత మంచిగ కట్టిండు!"
కూరలో ఉప్పు తక్కువైందన్నాను. తక్కువ కాలేదు.

సెప్టెంబర్ 11
కొత్త పంట తినే కొత్తల పండుగకు జగదల్‌పూర్ నుంచి హిందీ టీవీవాళ్లు వస్తారట. టీవీని తిట్టే పాటను టీవీలో చూపిస్తారట! పాట హిందీలో కావాలట.
రాజన్న ఇంటికొచ్చాడు. "బావా, హిందీ మాట్లాడుడే గాని కట్టుడు నాకు రాదు. నువ్వైతే హిందీ బడిల సదివినోనివి."
సరేనన్నాను. ఎందుకన్నానో...

సెప్టెంబర్ 13
హిందీలో కుదిరింది. ఆయన తెలుగుకంటే బాగుంది. ఈ మాట ఇక్కడే ఉండాలి.
ఆఖరి చరణం ఒక్కటే మిగిలింది. అందులో కట్టినవాడి పేరు పెట్టడం మా మండలి రివాజు. పేరు లేని పాట కాపరి లేని గొడ్డు – ఎవరు తోలుకుపోతే వారిది.
రాజన్న అని పెట్టి చూశాను. ఎంకన్న అని నా పేరు పెట్టి చూశాను. తాళం రెంటికీ సరిపోతోంది.

సెప్టెంబర్ 15
ఆయనకు హిందీ చదవడం రాదు. నేను ఒక్కో ముక్క అంటుంటే విని పట్టుకుంటున్నాడు. కాగితం మీదైతే ఏ పేరైనా రాసి ఇచ్చేవాణ్ణి. ఇది నోటితో అనాలి. మొహం చూస్తూ.
"ఆఖరిది చెప్పు బావా."
"ఇంకా కుదరలే. రేపు చెప్త."
"ఏందే! రేపే గద వాళ్లు వచ్చేది."
పోతూ కొట్టం దగ్గర ఆగాడు. దూడ మెడ గోకాడు. "దీన్ని గూడ టీవీల చూపెడదాం. మా బావ దూడ అని చెప్త."


సెప్టెంబర్ 16, ఉదయం
జీపు వచ్చింది. భారతి కొత్త చీర కట్టింది. డోలక్ తాళ్లు బిగించాను, విప్పాను, మళ్లీ బిగించాను.
వాకిట్లోంచి రాజన్న – "బావా, ఆఖరిది..."
వస్తున్నానన్నాను. రెండు పేర్లూ నోట్లోనే ఉన్నాయి.