నువ్వు అబద్ధమాడలే

బావా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది.

దమ్ము రోగం దాచి పాలసీ తీస్కున్నవని బీమా కంపెనీ నీ మీద రాసి, పైసలియ్యనన్నది. "పోయినోణ్ని అంటె అననియ్యక్కా" అన్నడు తమ్ముడు. నేను వదల్లే.

బీమా కంపెనీల మీద మనసొంటోళ్ల ఫిర్యాదులు వినేటందుకు సర్కారు పెట్టిన అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌ల ఉంటడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఒక్కదాన్నే పోయిన.

కంపెనీ మనిషి ఇంగ్లీషుల చదువుతుంటె అంబుడ్స్‌మన్ సారు ఆపి, "అమ్మా, నువ్వు చెప్పు" అన్నడు.

"దమ్మున్నదని మా ఇంట్ల కూసోనే ఏజెంటుకు చెప్పిండు సార్. చాయ్ ఇచ్చుకుంట నేను ఇన్న."

సారు ఏజెంటును పిలిపించి అడిగిండు. ఆయన తల వంచుకొని, "చెప్పిండు సార్. రాస్తె పాలసీ రాదని నేనే రాయలే" అన్నడు.

"పైసలిస్తె సరిపోదు సార్, ఆయన దాచలేదని గూడ రాయుండ్రి" అన్న.

రెండూ రాసిండు. ఆ తీర్పు నిన్న ఇంటికొచ్చింది. ఇయ్యాల పొద్దుగాల షిఫ్టు మారే యాళ్లకు నీ గని గేటు కాడికి పోయి, నీ తోటోళ్లందరు ఇనంగ చదివిన. "ఏందమ్మా గిది?" అన్నడు సెక్యూరిటీ ఆయన.

"మా ఆయన అబద్ధమాడలే. మల్లొక్కసారి చదువుత, ఇను" అన్న.

నీ సరోజ