పద్నాలుగో నంబరు సంచి

మే 3, ఆదివారం

నోరు విప్పనని మాట ఇచ్చాను. రాయనని ఇవ్వలేదు. పదో తరగతి తర్వాత కలం పట్టింది సంతకాలకే. కానీ పొద్దున ప్రార్థనకు కూర్చుంటే ఈ సంగతే అడ్డొస్తోంది. అందుకే రాస్తున్నాను.

ఫుట్‌బాల్ క్లబ్ లాండ్రీలో పదహారేళ్లుగా పని చేస్తున్నాను. ఆటగాళ్లు ఎవరి బట్టలు వాళ్ల నంబరున్న వల సంచిలో వేసి జిప్ లాగుతారు. సంచి విప్పకుండానే మెషిన్‌లో వేస్తాను. నిన్న మ్యాచ్ అయ్యాక కెప్టెన్ సంచి, నాలుగో నంబరు, వాసన కొట్టింది. విప్పితే టవల్ నిండా వాంతి.

మొదటి సగంలో అవతలివాడి మోచెయ్యి అతని కణతకు తగిలింది. పడిపోయాడు. క్లబ్ డాక్టరమ్మ వేళ్లు చూపించి ఎన్ని అంటే సరిగ్గానే చెప్పాడట. లేచాడు. స్టేడియం అంతా లేచింది. లాండ్రీ టీవీ ముందు నేనూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను.

టవల్ పట్టుకుని నిలబడి ఉంటే అతనే వచ్చాడు. పిన్నీ, నీకు దండం పెడతా, ఎవరికీ చెప్పకు, ఇంకా రెండు మ్యాచ్‌లే, కప్పు ఎత్తాక నెల రోజులు పడుకునే ఉంటా అన్నాడు. దేవుడి మీద ఒట్టు వేయించుకున్నాడు. అక్కడ నన్ను పిన్నీ అని పిలిచేది అతనొక్కడే. మిగతావాళ్లకు నేను లాండ్రీ ఆవిడను.

మే 6, బుధవారం

దేవుడా, మేం గెలవాలి. ఇరవై రెండేళ్లకు వచ్చిన అవకాశం. ఇలాంటివి అడగొచ్చో లేదో తెలియదు. అడిగేశాను.

మే 10, ఆదివారం

గెలిచాం. నిన్న మా ఆయన ఇంట్లో కుర్చీ ఎక్కి గెంతాడట. కింది ఇంటావిడ పైకొచ్చి, మీ జట్టు కప్పు గెలిచేలోపు మా పైకప్పు కూలేలా ఉందండీ అందట.

లాండ్రీలో మాత్రం నాలుగో నంబరు సంచి ఖాళీగా ఉంది. పద్నాలుగులో రెండు జతలున్నాయి. పదేళ్ల కిందట కెప్టెన్ కొత్తగా చేరినప్పుడు అతని నంబరు పద్నాలుగు. ఇప్పుడది వేరే అతనిది. కిట్ గది చూసే తాళాలాయన, ఎవరైనా వేరేవాళ్ల సంచిలో వేస్తే అందరి ముందూ ఏడిపిస్తాడు. ఆయన రాకముందే కెప్టెన్ చొక్కా, నిక్కరు, మేజోళ్లు తీసి నాలుగులో వేసేశాను.

మే 11, సోమవారం

మళ్లీ పద్నాలుగులోనే. మళ్లీ మార్చాను.

మే 12, మంగళవారం

మళ్లీ.

మే 14, గురువారం

కిటికీలోంచి ప్రాక్టీసు చూశాను. కెప్టెన్ కార్నర్ బంతిని తలతో కొట్టి, గోల్‌పోస్ట్ పట్టుకుని నిలబడిపోయాడు. సరదా చేస్తున్నాడనుకుని అందరూ నవ్వారు.

పడితే లేవమంటాం. లేస్తే మొనగాడంటాం. లేవకపోతే ఇంకొకణ్ణి దింపుతారు, మర్నాటికి ఆ కొత్తవాడి పేరు మన నోట్లో నానుతుంది. రక్తం మరక చన్నీళ్లలో నానబెడితే పోతుందని నాకు తెలుసు. ఆ రక్తం ఎక్కడిదని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

బట్టలు సంచి మార్చింది అతని పరువు కోసమే అనుకున్నాను. కాదు. కప్పు కోసం.

మే 16, శనివారం, ఉదయం 9

ఆఖరి మ్యాచ్ ఇవాళే. ఒట్టు తప్పితే ఆ పాపం నాకే తగలనీ అనుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను. టవల్, సంచులు, గోల్‌పోస్ట్, అన్నీ చెప్పాను. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా అంది. ఉతుకుతున్నానండీ అన్నాను.

అదే రోజు, సాయంత్రం 7

ఒకటి–సున్నా. ఓడిపోయాం. అదీ కార్నర్ బంతికే. డాక్టరమ్మ కెప్టెన్‌ను ఆడనివ్వలేదు, అతను నిలబడే చోట ఎవరూ లేరు. వాళ్లు తీరిగ్గా గోల్ కొట్టారు.

ఎవరో చెప్పబట్టే అతన్ని ఆపారని టీవీలో విని, కెప్టెన్ మీద చెప్పినవాడి నోట్లో మన్ను పడ అన్నాడు మా ఆయన. తిండి ముట్టలేదు. ఆ నోరు నాదేనని చెప్పలేకపోయాను.

మే 17, ఆదివారం

కెప్టెన్ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, దేవుడి మీద ఒట్టేసి కూడా చెప్పేశావా, సొంత పిన్నివనుకున్నా, పదేళ్ల కష్టం పిన్నీ, నోటి దగ్గర కూడు లాగేశావు అన్నాడు. తలుపు ధడాల్న వేసి వెళ్లిపోయాడు.

పావుగంటకు మళ్లీ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. దేవుడి మీద ఒట్టేసి కూడా చెప్పేశావా అని మొదలుపెట్టాడు. సొంత పిన్నివనుకున్నా అన్నాడు. అదే వరస. అదే కోపం. కళ్లలో అవే నీళ్లు.

మొదటిసారి వింటున్నట్టే చివరి దాకా విన్నాను. తర్వాత చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిపించాను. విదిలించుకోలేదు.

మే 20, బుధవారం

కెప్టెన్ ఇంకా ఆస్పత్రిలోనే. ఒక్క వారం ముందు చెప్పి ఉంటే, అంటూ డాక్టరమ్మ రిపోర్టు మూసేసింది.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా పారేయకండి. ఎవరికీ చూపించకండి. అతనికి అసలే వద్దు. అతను మరిచిపోతున్నవన్నీ ఇందులో ఉన్నాయి.